బల్ల తీసిన మనిషికి జ్వరం వస్తే

1979లో నేను జహీరాబాద్‌లో ఒక చిన్న దవాఖానలో స్టాఫ్ నర్సును. ఆడవాళ్లకు ఒక వార్డు, మగవాళ్లకు ఒక వార్డు, మధ్యలో ఇంజెక్షన్ గది, వెనక ఒక లాబ్. లాబ్ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక మైక్రోస్కోపు, కొన్ని గాజు పలకలు, అంతే. డాక్టరు గారు ఒక్కరే. కోహీర్, రాయికోడ్, ఝరాసంగం వైపు పల్లెల నుంచి, అటు కర్ణాటక సరిహద్దు నుంచి కూడా జనం వచ్చేవాళ్లు. అంగడి రోజున వరండాలో కాలు పెట్టే సందు ఉండేది కాదు.

నా నోరు కొంచెం పెద్దది. మందులు మధ్యలో మానేసి వచ్చినవాళ్లను నేను పెట్టే చీవాట్లు గేటు బయట బీడీలు కాల్చుకునేవాళ్లకు కూడా వినిపిస్తాయని డాక్టరు గారు నవ్వేవారు. ఎంత తిట్టినా జనం నా దగ్గరికే వచ్చేవాళ్లు. దాంతో ఆ పద్ధతి మీద నాకు గట్టి నమ్మకం కుదిరింది.

ఆ ఏడు వానలు వెనకబట్టిన రోజుల్లో శివమ్మను తీసుకొచ్చారు. ఝరాసంగం వైపు పల్లె. జొన్న, కంది వేసుకునే రైతు కుటుంబం. శివమ్మకు పాతికేళ్లు దాటి ఉండవు, అప్పటికే ఇద్దరు మగపిల్లలు. భర్త వీరన్న మాట తక్కువ మనిషి. ఇంటి పెత్తనమంతా అత్త బసమ్మది. సరిహద్దు అవతల పుట్టి ఇటు కోడలిగా వచ్చిందట. ఎముకల గూడులాంటి మనిషే కానీ, ఆమె వరండాలోకి వస్తే పక్కవాళ్లు తెలియకుండానే జరిగి చోటిచ్చేవాళ్లు.

శివమ్మ కళ్లు పసుపుగా ఉన్నాయి. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం ఆగడం లేదని చెప్పింది. చీర కొంచెం జరిపి చూస్తే ఎడమవైపు డొక్క కింద పొట్ట ఉబ్బి ఉంది. దాని మీద వరుసగా కాలిన మచ్చలు. మా వైపు ప్లీహాన్ని బల్ల అంటారు. కడుపులో బల్ల పెరిగితే ఎర్రగా కాల్చిన ఇనుముతో వాతలు పెట్టించడం అప్పట్లో మామూలు. నా కోపం నషాళానికి అంటింది. బసమ్మను అక్కడే నాలుగు మాటలు అన్నాను. ఆమె అన్నీ విని, పసిరికలు, అంటే కామెర్లని ఒకచోట ఆకుపసరు పోయించానని, బల్ల అంటే ఇంకోచోట వాతలు పెట్టించానని, ఎవరు ఎక్కడికి పొమ్మంటే అక్కడికి కోడలిని తిప్పానని చెప్పింది. "ఇగ నీ చేతుల పెడుతున్న సిస్టరమ్మా. తిడితె తిట్టు, పిల్లను మాత్రం జర మంచిగ చూడు" అంది.

బల్ల పెరిగిందంటే మేము ముందుగా అనుమానించేది మలేరియాను. రక్తం చుక్క గాజు పలక మీద పరిచి చూశాం. మలేరియా లేదు. డాక్టరు గారు ఆమెను హైదరాబాద్‌లో ఒక పెద్ద దవాఖానకు పంపారు. అక్కడ బయాప్సీ చేశారు. అంటే సన్నని సూదితో కాలేయం నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం. క్రానిక్ హెపటైటిస్ అని తేలింది. కామెర్లు చాలామందికి వచ్చి పోతాయి. ఈ జబ్బులో మాత్రం కాలేయంలో వాపు తగ్గకుండా నెలలు, ఏళ్ల తరబడి కొనసాగుతుంది. మా వైపు కార్జం అనే ఆ కాలేయం మెల్లగా గట్టిపడిపోతుంది.

స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చారు. కళ్లలో పసుపు తగ్గింది కానీ బల్ల పెరుగుతూనే ఉంది. కాలువకు ముందర అడ్డం పడితే నీళ్లు వెనక్కి ఎక్కుతాయి కదా, అలాగే గట్టిపడిన కాలేయంలోంచి పోలేని రక్తం వెనక్కి తన్ని బల్లలో నిలుస్తుంది. అలా ఉబ్బిన బల్ల రక్తకణాలను తినేయడం మొదలుపెడుతుంది. దీన్ని హైపర్‌స్ప్లెనిజం అంటారు. శివమ్మకు ప్లేట్‌లెట్లు, అంటే రక్తాన్ని గడ్డకట్టించే కణాలు, బాగా పడిపోయాయి. ఆపరేషన్ చేసి బల్లను తీసేద్దామని అక్కడి సర్జన్ అన్నారు. స్ప్లీనెక్టమీ అంటారు దాన్ని. బల్ల తీసేస్తే కాలేయంలో వాపు కూడా చల్లబడుతుందని ఆ రోజుల్లో కొందరు డాక్టర్లు నమ్మేవారు, కొందరు కొట్టిపారేసేవారు. ఈ సర్జన్ నిజాయితీపరుడు. రక్తం కారడం ఆగుతుందని, కొన్నేళ్లు చేతికి రావచ్చని చెప్పి, కాలేయం బాగవుతుందని మాత్రం మాట ఇవ్వనన్నారట.

ఆ మాట మోసుకుని ముగ్గురూ మళ్లీ నా దగ్గరికే వచ్చారు, చేయించాలా వద్దా అని. వీరన్న నేల చూపులు చూస్తున్నాడు. బసమ్మ ప్రశ్న మీద ప్రశ్న అడుగుతోంది. శివమ్మ మాత్రం నవ్వు దాచుకుంటున్నట్టు మొహం పెట్టి నన్ను ఒకటే అడిగింది.

"లోపటిది ఒకటి తీసేస్తె మిగిలినయి ఊకుంటయా సిస్టరమ్మా? కొట్లాడయా?"

ఊరుకోకపోతే నేను వచ్చి తిడతానులే అన్నాను. అందరం నవ్వాం. 1980లో ఆపరేషన్ జరిగింది. తిరిగొచ్చాక ఆ పిల్లను చూస్తే నాకు ముచ్చటేసింది. పొట్ట చదునైంది, చిగుళ్ల రక్తం ఆగిపోయింది, మొహంలో కళ వచ్చింది. చీరకు కుచ్చిళ్లు ఎక్కువ వస్తున్నాయని, ఎక్కడ దోపుకోవాలో తెలియడం లేదని వార్డంతా వినేలా చెప్పింది.

అయితే బల్ల లేని మనిషికి ఒక ప్రమాదం ఉంది. రక్తంలోకి వచ్చిన క్రిములను పట్టి ఆపే పని బల్లదే. అది లేకపోతే మామూలు జ్వరమే పూట గడవకముందే ప్రాణం మీదికి తేవచ్చు. అందుకే ఆమెకు నెలకోసారి పెనిసిలిన్ ఇంజెక్షన్ రాశారు. దానితోపాటు నేను ముగ్గురినీ కూర్చోబెట్టి, జ్వరం వస్తే లంఖణం పెట్టవద్దని, తెల్లారనిద్దాం అనుకోవద్దని, ఉన్నపళంగా తీసుకురావాలని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. బసమ్మ నా మాటలు తిరిగి అప్పజెప్పింది. అప్పజెప్పడమే కాదు, ఆ చలికాలం శివమ్మ ఒళ్లు కాస్త వెచ్చబడితే, విత్తనం పని ఆపి మరీ ఎడ్లబండిలో తీసుకొచ్చింది. జలుబు జ్వరం, ఒక్క రోజులో పోయింది. ఆ ఇంటి మీద నాకు ఇక ఏ అనుమానమూ లేకపోయింది.

మరుసటి ఏడు, ఎండలు ముదురుతుండగా, శివమ్మ ఇంజెక్షన్‌కు రావలసిన అంగడి రోజున రాలేదు. మధ్యాహ్నం దాకా చూశాను. కాలి పుండుకు కట్టు కట్టించుకోవడానికి వచ్చిన శివమ్మ ఊరి ఆడమనిషి ఒకతె కనిపిస్తే అడిగాను. వాళ్లింట్లో తల్లి ఉందని, పిల్లలిద్దరికీ పోసిందని, వాకిట్లో యాపమండలు కట్టారని చెప్పింది. ఈ పొద్దున్నుంచి కోడలికి కూడా ఒళ్లు కాలిపోతోందట.

ఒంటి మీద పొక్కులు లేస్తే మా వైపు దాన్ని జబ్బు అనరు. తల్లి, అంటే అమ్మవారు, ఇంటికి వచ్చిందంటారు. ఆమె ఉన్నన్నాళ్లూ ఇంట్లో తాలింపు వేయరు, తల దువ్వుకోరు, బయటివాళ్లను రానివ్వరు, ఇంట్లోవాళ్లు ఊరు దాటరు. ముఖ్యంగా మందు, సూది ఆ ఇంట్లో ఎవరికీ పడకూడదు. పొక్కులున్నవాళ్లకే కాదు, ఎవరికీ. తల్లికి నీళ్లు పోసి సాగనంపాకే అన్నీ మామూలవుతాయి. నేను ఇక్కడ పుట్టి పెరిగినదాన్నే, ఇదంతా నాకు తెలుసు. జ్వరం వస్తే తీసుకురమ్మని నేను చెప్పిన మాట బసమ్మ మరిచిపోయి ఉండదు. కానీ ఆమె లెక్కలో ఇది దవాఖానకు తేవలసిన జ్వరం కాదు. తల్లి.

డాక్టరు గారు కష్టమైన కాన్పులో ఉన్నారు. ఆయనకు చెప్పి, మరగబెట్టిన సిరంజి డబ్బా, పెనిసిలిన్ సంచిలో వేసుకుని ఝరాసంగం బస్సు ఎక్కాను. అక్కడి నుంచి నడక. ఆ ఎండకు తల తిరుగుతున్నా, దారి పొడవునా ఏమేం తిట్టాలో పోగేసుకుంటూ పోయాను.

వాకిట్లోకి బసమ్మే వచ్చింది. జుట్టు దువ్వుకోలేదు, కాళ్లకు చెప్పులు లేవు. దవాఖానకు వస్తే నా చేయి పట్టుకుని మాట్లాడే మనిషి, గడపకు అడ్డంగా నిలబడి కూర్చోమని కూడా అనలేదు. ఆమె భుజం పక్క నుంచి లోపల గొంగడి మీద పడుకున్న శివమ్మ కనిపిస్తోంది. గోడవారన పిల్లలిద్దరూ కూర్చుని ఉన్నారు. వాళ్ల పొక్కులు పక్కు కడుతున్నాయి, హుషారుగానే ఉన్నారు. శివమ్మ ఊపిరి మాత్రం గడప దాకా వినిపిస్తోంది. ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. అది నిమోనియా ఊపిరి. అలాంటిది వార్డులో ఎన్నోసార్లు విన్నాను.

శివమ్మ ఒంటి మీద ఒక్క పొక్కు ఉంటే చూపించమన్నాను. ఇవాళ కాకపోతే రేపు లేస్తాయని, పిల్లలకు కూడా ముందు జ్వరమే వచ్చిందని బసమ్మ అంది. ఆ మాటలో తప్పు లేదు. ఆటలమ్మ అలాగే మొదలవుతుంది. నేను వీరన్న మీద పడ్డాను. మీ చేతులారా మీరే చంపుకుంటున్నారని అరిచాను. అతను బసమ్మ మొహం చూశాడు. బసమ్మకు కోపం రాలేదు. గొంతు తగ్గించి అంది.

"మెల్లగ సిస్టరమ్మా, తల్లి వింటది. ఇప్పుడు ఈ ఇంట్ల సూది పడితె ఆమె పిల్లగాండ్ల మీద పగబడ్తది. మా ఆడిబిడ్డ కొడుకును గట్లనే పోగొట్టుకున్నం. ఒక్కదాన్ని బతికిచ్చుకునేటందుకు ఇద్దరిని ఇయ్యమంటవా?"

అప్పటిదాకా ఆమె మొండితనంతో అడ్డం నిలబడిందనుకున్నాను. ఆమె నిలబడింది మనవళ్లకు కోడలికి మధ్య. నేను మూఢనమ్మకం అనుకోవచ్చు, ఆమెకు మాత్రం ఆ పిల్లలిద్దరి ప్రాణం నా సంచిలో ఉన్న సూది కింద ఉంది. నేను వాకిట్లోనే కూర్చున్నాను. అప్పుడు ఇక అరవాలనిపించలేదు.

"అవ్వా, పిల్లగాండ్లకున్నది తల్లే. వాండ్లను నేను ముట్ట. శివమ్మకు వచ్చింది తల్లే గావచ్చు, ఉత్త జరమే గావచ్చు. ఏదైనా గాని, ఆమె ఒంట్ల దాన్ని ఆపేది లేదు, బల్ల తీసేసిన్రు. పొద్దుగూకేదాక ఆగితె ఇగ నా చేతుల ఏముండది" అన్నాను.

"తోల్కపోతె బతుకుతదా?"

"ఎరుకలేదవ్వా. తోల్కపోకుంటె మాత్రం బతకది."

బసమ్మ గడప వదిలి లోపలికి పోయింది. గోడ దగ్గర పసుపు రాసిన చెంబు, అందులో యాపమండ, ముందర దీపం. దాని ముందు నిలబడి చేతులు జోడించింది. కొడుకు, నేను, వాకిలి అవతల చూస్తున్న ఇరుగుపొరుగు, అందరికీ వినబడేలా గట్టిగానే చెప్పింది.

"తల్లీ, నా కొడుకుకు ఏం తెల్వది. కోడలికి సోయి లేదు. పిల్లగాండ్లు పసోండ్లు. ఈ పని నేను చేస్తున్న. ఏమడిగినా నన్నే అడుగు."

వీరన్న బండి కట్టాడు. బసమ్మే కోడలి తల కింద చేయి వేసి లేపింది. సూది ఇంట్లో వద్దని, వాకిలి దాటాక ఇమ్మని సైగ చేసింది. బండిలో గడ్డి మీద పడుకోబెట్టి అక్కడే ఇంజెక్షన్ ఇచ్చాను. బసమ్మ కూడా ఎక్కుతుందని చోటు వదిలి కూర్చున్నాను. ఆమె ఎక్కలేదు, కోడలి చెంప ఒకసారి తడిమి లోపలికి వెళ్లిపోయింది. నా మీద కోపంతోనే అలా వెళ్లిందనుకున్నాను.

డాక్టరు గారు స్టెతస్కోపు పెట్టి చూసి కుడి ఊపిరితిత్తిలో నిమోనియా అన్నారు. బీపీ బాగా పడిపోయింది. సెలైన్ పెట్టాం, పెనిసిలిన్ గంటలు చూసుకుని ఇస్తూనే ఉన్నాం. మరునాటికి కూడా ఆమె మమ్మల్ని గుర్తుపట్టలేదు. ఆ తరువాత మెల్లగా కళ్లు తెరిచింది. పొక్కులు లేవనే లేదు. పిల్లలు ఎక్కడున్నారని అడిగింది, ఆకలవుతోందని అంది. ఆమెకు గంజి తాగించాను. ఇంటి దగ్గర పిల్లలిద్దరూ బాగానే ఉన్నారని, తల్లికి నీళ్లు పోశారని వీరన్న కబురు తెచ్చాడు.

శివమ్మ ఆ తరువాత చాలాకాలం మంచిగానే ఉంది. పొలం పనికి పోయేది. పుట్టిల్లు కోహీర్ కావడంతో జామకాయల కాలంలో నాకో సంచి తెచ్చి, తినకపోతే తిడతానని నా మాటే నాకు అప్పగించేది. తప్పకుండా నెలకోసారి ఇంజెక్షన్‌కు వచ్చేది. కొత్తగా చేరిన నర్సులకు నేను ఆమె కథ చెప్పేదాన్ని. బల్ల తీసిన మనిషికి జ్వరం వస్తే ఎంత తొందర పడాలో చెప్పడానికి అంతకంటే మంచి ఉదాహరణ లేదు. ఎండలో నడిచిపోవడం, వాకిట్లో వాదన, బండిలో ఇంజెక్షన్, అన్నీ చెప్పేదాన్ని. అందులో నేనే ముందుండేదాన్ని, పెనిసిలిన్ నా వెనక ఉండేది.

బల్ల తీయడం వల్ల రక్తం కారడం మళ్లీ రాలేదు కానీ, కాలేయం లోలోపల గట్టిపడటం ఆగలేదు. బల్ల తీస్తే కాలేయం వాపు మానుతుందన్న ఆశ రానురాను డాక్టర్లలోనూ తగ్గిపోయింది. 1986లో శివమ్మ కడుపులో నీరు చేరింది. కాళ్లు వాచాయి, మాట్లాడుతూ మాట్లాడుతూ మగతలోకి పోయేది. హైదరాబాద్ తీసుకుపోదామంటే తనే వద్దంది. "చిన్నోడు నా పేరు రాసుడు నేర్చిండు సిస్టరమ్మా. పలక మీద రాసి చూపెట్టిండు. అదన్న చూస్తిని" అంది. అదే ఆమె నాతో తెలివిగా మాట్లాడిన చివరి మాట. మా వార్డులోనే, ఒక మధ్యాహ్నం, అత్త చేతిలో చేయి ఉండగా పోయింది.

వీరన్న జీపు కోసం బజారుకు వెళ్లాడు. బసమ్మ వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయింది. నేను పక్కన కూర్చున్నాను. ఆనాటి సూది గురించి ఏమైనా అంటుందేమో, తల్లి ఇన్నాళ్లకు పగ తీర్చుకుందని అంటుందేమో అని లోపల బెదురుగానే ఉంది. ఆమె అది అనలేదు.

"కార్జం బీమారితోని పోయింది, నాకెరుకే. తల్లి ఏమన్లే. మమ్ముల చల్లగనే చూసింది" అంది. కొంచెం ఆగి, "ఆనాడు నేను బండి ఎందుకు ఎక్కలేదో నువ్వెన్నడు అడగకపోతివి" అంది.

ఆమే చెప్పింది.

"తల్లికి ఎదురు నడిచిన గద. ఆమె వస్తె ముందుగాల నేనుండాలె అని పిల్లగాండ్ల నడుమ కూసున్న. తల్లిని సాగనంపినంక గూడ నాకు ధైర్నం రాలే. ఆ ఏడంత పొద్దుగాల లేస్తనే వాండ్ల అంగీలు లేపి ఒళ్లు చూస్తుంటి. ఎవ్వలికి చెప్పలే. కోడలికైతె అసలే చెప్పలే. చెప్తె బతికినందుకు అది సిగ్గుపడుతుండె."

ఆమె చేయి నా చేతిలోకి తీసుకున్నాను. ఇన్నేళ్లూ నేను నా కథగా చెప్పుకుంటూ వచ్చినదానికి మూల్యం ఆ ఇంట్లో ఒక ముసలామె రోజూ పొద్దున్నే చెల్లించిందని అప్పుడే తెలిసింది. నాకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు.

ఆ తరువాత కూడా నేను చాలా ఏళ్లు ఆ ఉద్యోగం చేశాను. మందు ఎవరు మింగాలో మాకు రాసి ఉంటుంది. దాని బరువు ఇంట్లో ఎవరి మీద పడుతుందో ఎక్కడా రాసి ఉండదు, అడిగి తెలుసుకోవాలి. శివమ్మ పోయాక ఏ రోగికి ఏ జాగ్రత్త చెప్పినా, ఇది చేయడం మీ ఇంట్లో ఎవరికి అందరికంటే కష్టమని అడగడం అలవాటు చేసుకున్నాను. ఆ మనిషిని పిలిపించుకుని, తిట్టకుండా, పక్కన కూర్చుని మాట్లాడేదాన్ని. నా తరువాత వచ్చిన నర్సులకూ అదే నేర్పాను. బసమ్మ రోజూ పొద్దున్నే మనవళ్ల ఒళ్లు చూసుకున్న ఆ ఏడాదంతా మాత్రం ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు.